చంపే నిర్ణయం యంత్రానికి వదిలేయొచ్చా?

కందిలి:
చాలా రోజులుగా బుర్రలో నలుగుతున్న ప్రశ్న ఇది. రోబో ఒక మనిషిని కెమెరాలో చూస్తుంది, వీడు శత్రువే అని తనే తేల్చుకుంటుంది, ఎవరినీ అడక్కుండా కాల్చేస్తుంది. దీన్ని ఒప్పుకోవచ్చా? మందుపాతరలు వెతికే రోబోలతో, గాయపడినవాళ్లను మోసుకొచ్చే రోబోలతో నాకు పేచీ లేదు. ఎక్కడో గదిలో కూర్చుని మనిషి నడిపే డ్రోన్ కూడా వేరే సంగతి, అక్కడ మంచో చెడో బటన్ నొక్కింది మనిషే. నేను అడిగేది ఆ బటన్ కూడా యంత్రానికే ఇచ్చేయడం గురించి.

ఇదంతా ఎప్పుడో రాబోయే రోజుల కబురు అనుకునేవాళ్లకు ఒక మాట. 2020లో లిబియా పోరులో కార్గు-2 అనే టర్కీ డ్రోన్లు వాడారని, ఆపరేటర్‌తో లింకు లేకపోయినా లక్ష్యాల మీద దాడి చేసేలా వాటిని ప్రోగ్రామ్ చేశారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2021లో రాసింది. వాటి వల్ల ఎవరైనా చనిపోయారా అన్నది ఆ నివేదికలో స్పష్టంగా లేదు, కానీ సరుకు యుద్ధరంగం దాకా వచ్చేసిందన్నది మాత్రం అర్థమవుతోంది. నా మనసుకు ఇది తప్పే అనిపిస్తోంది, ఎందుకు తప్పో గట్టిగా చెప్పమంటే మాత్రం మాటలు చాలడం లేదు. మీరంతా ఏమంటారు?

కోడ్‌కూలీ:
నేను ఎదురు వాదన పెడతా, ఎవరూ నొచ్చుకోవద్దు. యుద్ధంలో మనుషులు ఇప్పటిదాకా ఎలా ప్రవర్తించారో చూడండి ముందు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికా సైనికులు ఒక్క పూటలో వందల మంది ఊరివాళ్లను చంపేశారు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంటిపిల్లలతో సహా. ఎందుకు? తోటివాళ్లు చనిపోయారన్న కసి, భయం, అలసట, చుట్టూ ఉన్నవాళ్లంతా చేస్తున్నారు కదా అనే మంద స్వభావం. వీటిలో ఏ ఒక్కటీ యంత్రానికి లేదు. దానికి నిద్ర చాలకపోవడం ఉండదు, స్నేహితుడు చచ్చిపోయాడన్న కోపం ఉండదు.

అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో రోబోటిక్స్ చెప్పిన రోనాల్డ్ ఆర్కిన్ చాలా ఏళ్లుగా ఇదే అంటున్నాడు. ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చిన పాయింట్ ఏంటంటే, సైనికుడికి తన ప్రాణం కాపాడుకోవాలి కాబట్టి అనుమానం వస్తే ముందు కాల్చేస్తాడు, రోబోకి ఆ అవసరం లేదు. అవతలివాడి చేతిలో ఉన్నది తుపాకో కర్రో తేలేదాకా అది ఆగగలదు, ఈలోగా దాన్ని కాల్చేస్తే పోయేది ఇనుమే. సరిగ్గా తయారు చేస్తే సామాన్యుల చావులు తగ్గుతాయి అనేదానికి అవకాశం ఉన్నప్పుడు, "మనిషే చంపాలి" అని పట్టుబట్టడం వల్ల ఎక్కువ మంది పోతే ఆ పాపం ఎవరిది?

శ్రావణి_ఆర్:
అన్నా, మై లాయ్ గురించి సగమే చెప్పారు. ఆ రోజు అక్కడ ఇంకొకాయన ఉన్నాడు, హ్యూ థాంప్సన్ అని హెలికాప్టర్ పైలట్, ఆయనదీ అమెరికా సైన్యమే. పైనుంచి చూసి ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, తన హెలికాప్టర్‌ను సైనికులకూ పారిపోతున్న ఊరివాళ్లకూ మధ్యలో దించాడు. వీళ్ల మీద కాల్పులు జరిపితే మనవాళ్ల మీదే కాల్చండి అని తన మనుషులకు చెప్పాడు. కొంతమందిని అక్కడినుంచి బయటికి పంపించాడు, పైవాళ్లకు రిపోర్ట్ చేశాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన్ని ద్రోహిలా చూశారు, ఆ సాహసానికి సోల్జర్స్ మెడల్ ఇచ్చింది 1998లో.

నాకు ఈ విషయంలో అసలు భయం ఇదే. మై లాయ్‌లో ఉన్నవి రోబోలైతే కోపంతో చంపి ఉండేవి కావు, ఒప్పుకుంటా. కానీ "ఈ ఊళ్లో కదిలే ప్రతిదీ లక్ష్యమే" అని ముందే సెట్ చేసి పంపితే? వందకి వంద చంపేసి తిరిగొచ్చేవి, ఒక్కటి కూడా ఆగేది కాదు. ఘోరాలన్నీ కోపంలో జరగలేదు. చాలావరకు పైనుంచి ఆర్డర్ వస్తే, లెక్క ప్రకారం, ప్రశాంతంగా జరిగాయి. వాటిని ఎప్పుడైనా ఎవరైనా ఆపారంటే కింద ఉన్న ఒక మనిషి "నేను చెయ్యను" అనడం వల్లే. ఆ మనిషిని లైన్లోంచి తీసేస్తే నియంతలకు ఇంకేం కావాలి? సొంత జనం మీద కాల్చమంటే సైనికులు కాల్చకుండా తుపాకులు దించిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉన్నాయి, ప్రభుత్వాలు పడిపోయింది అక్కడే.

తూటా:
ఇదంతా బాగానే ఉంది కానీ అవతలివాడు చేస్తే మనం చూస్తూ కూర్చోవాలా? ఉక్రెయిన్‌లో చూస్తున్నాం కదా, జామర్లు పెడితే డ్రోన్‌కీ ఆపరేటర్‌కీ మధ్య సిగ్నల్ పోతుంది, సిగ్నల్ పోతే డ్రోన్ గాల్లోనే పనికిరాకుండా పోతుంది. అందుకే చివరి కొన్ని వందల మీటర్లు దానికదే వెళ్లి కొట్టేలా తయారు చేస్తున్నారు. అవసరం తరుముతుంటే నీతి గురించి మాట్లాడితే వినేదెవరు?

మాజీ_రాడార్:
నేను ఎయిర్ డిఫెన్స్‌లో పనిచేసి బయటికి వచ్చినవాణ్ని, ఎక్కడ, ఎప్పుడు అన్నది అనవసరం. స్క్రీన్ ముందు కూర్చున్న అనుభవం మాత్రం ఉంది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు తూటా గారికి. మీరు చెప్పిన ఉక్రెయిన్ సంగతిలో రెండు వేరే విషయాలు కలిసిపోయాయి. అక్కడ ఎక్కువగా జరుగుతున్నది, ఆపరేటర్ కెమెరాలో ఒక ట్యాంకునో వాహనాన్నో చూసి లాక్ చేస్తాడు, అక్కడినుంచి సిగ్నల్ పోయినా డ్రోన్ ఆ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్తుంది. లక్ష్యాన్ని ఎంచుకున్నది మనిషే. ఒక ప్రాంతంలోకి వదిలేసి "నీకు దొరికినవాణ్ని నువ్వే చూసుకో" అనడం పూర్తిగా వేరు. పైగా జామింగ్‌కి మందు యంత్రానికి వదిలేయడం ఒక్కటే కాదు. రెండు పక్షాలూ ఇప్పుడు సన్నటి ఫైబర్ ఆప్టిక్ తీగ వెనకాల విప్పుకుంటూ వెళ్లే డ్రోన్లు వాడుతున్నాయి, కిలోమీటర్ల కొద్దీ తీగ, జామర్ దాన్ని ఏమీ చేయలేదు. అంటే ఆపరేటర్‌ని వదులుకోకుండానే దారి వెతికారు.

ఇక అసలు సంగతి. అందరూ "మనిషి ఉంటే చాలు" అన్నట్టు మాట్లాడుతున్నారు. మనిషి ఉన్నా చాలదు. 1988 జులై 3న విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది, 290 మంది పోయారు. ఆ నౌకలో ఉన్నది ఆ రోజుల్లో అన్నిటికన్నా గొప్ప రాడార్, ఆయుధాల సిస్టమ్, ఏజిస్. విమానం పైకి ఎక్కుతోందని సిస్టమ్ రికార్డులో ఉంది. కానీ గదిలో ఉన్న సిబ్బంది అది తమ మీదికి దిగుతోందని నమ్మారు, ఎఫ్-14 యుద్ధవిమానం అనుకున్నారు. విమానం నేల వదిలినప్పటినుంచి మిసైల్ పేల్చేదాకా మొత్తం ఏడు నిమిషాలు, అదే సమయంలో ఆ నౌక ఇరాన్ పడవలతో కాల్పుల్లో ఉంది. ఇది కోడ్‌కూలీ గారి వాదనకు బలమే, నేను దాచను. యంత్రం దగ్గర నిజం ఉంది, మనుషులు చూడలేదు.

కానీ 2003 ఇరాక్ యుద్ధం చూడండి. అమెరికా పేట్రియాట్ మిసైల్ వ్యవస్థ తమ పక్షానే ఉన్న బ్రిటన్ వాళ్ల టోర్నడో విమానాన్ని శత్రువుల మిసైల్‌గా గుర్తించింది. స్క్రీన్ ముందున్నవాళ్లు సరే అన్నారు, ఇద్దరు పోయారు. పది రోజులు తిరిగేసరికి మళ్లీ పేట్రియాటే, అమెరికా నేవీ హార్నెట్ విమానాన్ని కూల్చింది, దాని పైలట్ పోయాడు. ఇక్కడ యంత్రం తప్పు చెప్పింది, మనుషులు తల ఊపారు. తర్వాత పెంటగాన్ సలహా బోర్డు 2005లో తేల్చింది ఏంటంటే, ఆ వ్యవస్థ చాలావరకు ఆటోమేటిక్‌గా నడిచేలా పెట్టారు, ఆపరేటర్లకు దాన్ని నమ్మమనే ట్రైనింగ్ ఇచ్చారు.

మీరు ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. సిస్టమ్ "ముప్పు" అని ఎర్రగా చూపిస్తుంది, కౌంట్‌డౌన్ నడుస్తుంది. మీరు కాదన్నారు, అది నిజంగా మిసైలే అయితే వందమంది చచ్చిపోతారు, కోర్ట్ మార్షల్ మీకే. మీరు అవునన్నారు, అది తప్పైతే "సిస్టమ్ చెప్పింది సార్" అంటారు, అందరూ అర్థం చేసుకుంటారు. ఈ లెక్క అంతా యంత్రం వైపే వాలి ఉంటుంది. అలాంటి చోట మనిషిని పెట్టి "చూశారా, నిర్ణయం మనిషిదే" అనడం ఒట్టి మోసం.

కందిలి:
మాజీ_రాడార్ గారూ, దండాలండి. మరి 1983లో సోవియట్ సైనికాధికారి పెట్రోవ్ సంగతి? సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికానుంచి మిసైళ్లు వస్తున్నాయని చూపిస్తే, కాదు ఇది తప్పుడు హెచ్చరిక అని ఆయన ఒక్కడే నిలబడ్డాడు కదా. అక్కడ యంత్రం ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటేనే గుండె జారిపోతుంది.

మాజీ_రాడార్:
సెప్టెంబర్ 26, అవును. దాన్ని అందరూ "మనిషి మనసు చెప్పింది" అన్నట్టు చెప్తారు. నాకు అందులో వేరేది కనిపిస్తుంది. ఆయన దగ్గర కారణాలున్నాయి. వ్యవస్థ చూపించింది ఐదే ఐదు మిసైళ్లు, నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు పంపి ఊరుకోడు. ఆ ఉపగ్రహ వ్యవస్థ కొత్తది, లోపాలు ఉన్నాయని ఆయనకు తెలుసు. నేల మీది రాడార్లలో ఏమీ కనిపించలేదు. చివరికి అది మేఘాల మీద పడి మెరిసిన సూర్యకాంతి అని తేలింది. అంటే ఆయనకు యంత్రం గురించి లోతుగా తెలుసు, ఇంకో ఆధారంతో పోల్చి చూసుకునే వీలుంది, ఆలోచించడానికి కొన్ని నిమిషాలున్నాయి. ఈ మూడూ తీసేసి పెట్రోవ్‌ని కూర్చోబెట్టినా లాభం లేదు. ఈ మూడూ ఇస్తే మామూలు ఆఫీసర్ కూడా నిలబడగలడు.

గడ్డిపువ్వు:
చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోంది. ఒక చిన్న డౌట్, మందుపాతర కూడా ఎవరినీ అడక్కుండానే చంపుతుంది కదా? అది రోబో కిందికి రాదా?

న్యాయపక్షం:
గడ్డిపువ్వు గారు, మీరు చిన్న డౌట్ అన్నారు కానీ చాలా సూటిగా అడిగారు. మందుపాతర అంటే ఆలోచన లేని స్వతంత్ర ఆయుధమే. సైనికుడి కాలుకీ పిల్లవాడి కాలుకీ తేడా తెలియదు, యుద్ధం అయిపోయిందని కూడా తెలియదు. అందుకే 1997లో ఒట్టావా ఒప్పందంతో మనుషులపై వాడే మందుపాతరల్ని నిషేధించారు. దాన్ని నిషేధించిన కారణమే ఇక్కడా పనికొస్తుంది.

నేను యుద్ధ చట్టాలు చదువుకున్నదాన్ని, ఆ వైపునుంచి చెప్తా. 1977 నాటి జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ ప్రకారం దాడి చేసేవాడు మూడు పనులు చేయాలి. సైనికుడు ఎవరో సామాన్యుడు ఎవరో విడదీయాలి. లొంగిపోయినవాణ్ని, గాయపడి పోరాడలేనివాణ్ని వదిలేయాలి. సామాన్యులకు జరిగే నష్టం, దక్కే సైనిక ప్రయోజనంతో పోలిస్తే మితిమీరకుండా చూడాలి. మొదటిదాంట్లో యంత్రం ఏదో ఒకరోజు మెరుగవుతుందేమో, యూనిఫాంలు, ట్యాంకులు ఉన్నచోట. మూడోదే కుదరదు. ఒక వంతెన విలువ ఈ ఉదయం ఎంత, సాయంత్రానికి ఎంత అన్నది మొత్తం యుద్ధం ఎటు పోతోందన్న దాన్నిబట్టి మారుతుంది. ఆ పక్కన ఉన్న కుటుంబం ప్రాణాలతో దాన్ని తూచడం లెక్క కాదు, తీర్పు. తీర్పు ఇచ్చినవాడు రేపు కోర్టులో నిలబడి "నేను ఇందుకు చేశాను" అని చెప్పగలగాలి.

ఇక్కడే బాధ్యత ప్రశ్న వస్తుంది. రాబర్ట్ స్పారో అనే తత్వవేత్త 2007లోనే రాశారు, ఇలాంటి యంత్రం యుద్ధ నేరం లాంటిది చేస్తే శిక్ష ఎవరికి? కమాండర్‌కి వేద్దామంటే, కింది సైనికుల నేరాలకు ఆయన్ని పట్టుకునేది ఆయనకు తెలిసినప్పుడు, లేదా తెలుసుకోవాల్సి ఉన్నప్పుడు. సొంతంగా నేర్చుకునే సిస్టమ్ ఎప్పుడేం చేస్తుందో తయారుచేసినవాళ్లకే తెలియదు. ప్రోగ్రామర్‌కి చంపే ఉద్దేశం లేదు. యంత్రాన్ని జైల్లో పెట్టలేం. శవం ఉంది, నేరస్తుడు లేడు. ఆ కుటుంబం ఎవరి ముఖం చూసి అడగాలి?

కోడ్‌కూలీ:
మేడమ్, దీనికి దారి ఉంది అనుకుంటా. వదిలినవాడిదే బాధ్యత అని చట్టం చేస్తే సరి. నువ్వు దాన్ని ఆన్ చేసి పంపావు, అది ఏం చేసినా నువ్వే చేసినట్టు. "నాకు తెలియదు" అనే మాటే చెల్లదు. అప్పుడు ఏ కమాండర్ అయినా తనకు పూర్తి నమ్మకం లేని యంత్రాన్ని వదలడు కదా.

న్యాయపక్షం:
మీరు చెప్పినట్టు చట్టం వస్తే నేను సంతోషిస్తా. కానీ చూడండి, ఆ చట్టం కింద ఒక కమాండర్ నిశ్చింతగా సంతకం పెట్టాలంటే ఆ యంత్రం ఎక్కడికి వెళ్తుంది, ఎంతసేపు తిరుగుతుంది, వేటిని మాత్రమే కొడుతుంది అన్నీ ఆయనకు ముందే తెలిసి ఉండాలి. అంటే నిర్ణయం మళ్లీ ఆయన చేతికే వచ్చింది. మనిద్దరం ఒకచోటికే వస్తున్నాం.

శ్రావణి_ఆర్:
ఇంకో సంగతి, కెమెరా చూపుని అంత నమ్మకండి. 2017లో ఎంఐటీ విద్యార్థులు 3డీ ప్రింటర్‌తో తాబేలు బొమ్మ చేసి, దాని మీద రంగులు కొంచెం మార్చారు. మనకు తాబేలులాగే కనిపిస్తుంది, బొమ్మల్ని గుర్తుపట్టే గూగుల్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం దాదాపు ఎటు తిప్పినా రైఫిల్‌లా కనిపించింది. దీన్నే తిరగేసి ఆలోచించండి. శత్రువు కావాలని మోసం చేయడానికి కూర్చున్నచోట ఈ చూపు మీద ప్రాణాలు పెట్టగలమా?

కోడ్‌కూలీ:
తాబేలు సంగతి నిజమే, నా పనిలోనూ ఇలాంటివి చూస్తూనే ఉంటా. ల్యాబ్‌లో 99 శాతం వచ్చిన మోడల్ బయట వేరే వెలుతురులో, వేరే కెమెరాతో కుప్పకూలుతుంది. నా వాదన కొంచెం విడదీసి చెప్తా. ఓడ మీదికి దూసుకొచ్చే మిసైల్‌ని కూల్చే ఫాలంక్స్ లాంటివి 1980నుంచీ ఉన్నాయి, అక్కడ మనిషి కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, వాటిని ఆటోమేటిక్‌గా వదలాల్సిందే. రాడార్‌నో ట్యాంకునో కొట్టేవాటి మీద చర్చించొచ్చు. మనుషుల్ని వెతికి చంపేవి అంటారా, ఇవాళ్టి టెక్నాలజీతో నేను కూడా సంతకం పెట్టను. రేపటి సంగతి మాత్రం మూసేయొద్దు అంటాను.

శ్రావణి_ఆర్:
నాకు రేపటికి కూడా ఇష్టం లేదు. అది వందకి వంద కరెక్ట్ అయినా సరే. ఒక మనిషి ప్రాణం తీసేటప్పుడు, అవతల ఉన్నది ప్రాణమే అని తెలిసినవాళ్లు ఒక్కరైనా ఆ క్షణంలో ఉండాలి. 2013లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి క్రిస్టాఫ్ హైన్స్ వీటిని అన్ని దేశాలూ తాత్కాలికంగా ఆపేయాలని అడిగినప్పుడు, మనిషి ప్రాణానికి ఇవ్వాల్సిన ఈ మర్యాద సంగతి కూడా ఎత్తారు. ఇది సెంటిమెంట్ అని కొట్టేయకండి, చచ్చిపోయేవాళ్ల వైపునుంచి ఆలోచించండి.

తూటా:
సరే, అందరూ ఒప్పుకున్నారు అనుకుందాం. నిషేధం అమలయ్యేదెలా? అణుబాంబుకి పెద్ద ఫ్యాక్టరీ కావాలి, ఉపగ్రహంలో కనిపిస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్. ఇవాళ మనిషి నడిపే డ్రోన్, రాత్రికి ఒక అప్‌డేట్ వేస్తే తెల్లారేసరికి తనే చంపే డ్రోన్. ఒప్పందాల గట్టితనం కూడా చూశాం. మందుపాతరల ఒప్పందంలోంచి పోలండ్, ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు 2025లో బయటికి వస్తామన్నాయి, పక్కన రష్యా ఉందని భయంతో.

న్యాయపక్షం:
భయం నిజమైనదే, నేను తీసిపారేయను. కానీ అంతా వృథా అనడానికీ లేదు. చూపు పోగొట్టే లేజర్ ఆయుధాల్ని 1995లో, ఇంకా యుద్ధంలోకి దిగకముందే నిషేధించారు, ఇప్పటికీ సైన్యాలు వాటిని మామూలు ఆయుధాలుగా చేసుకోలేదు. రోబోల మీద జెనీవాలో 2014నుంచీ మాట్లాడుతున్నారు, అక్కడ ఏకాభిప్రాయం కావాలి కాబట్టి ఒక్క దేశం అడ్డుపడినా బండి కదలదు. 2023 డిసెంబర్‌లో ఐరాస జనరల్ అసెంబ్లీలో ఈ ఆయుధాల మీద తీర్మానం పెడితే 152 దేశాలు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా ఓటేశాయి. అంతకు రెండు నెలల ముందు ఐరాస ప్రధాన కార్యదర్శి, రెడ్‌క్రాస్ అధ్యక్షురాలు కలిసి 2026కల్లా ఒప్పందం కావాలని అడిగారు.

రెడ్‌క్రాస్ 2021లో పెట్టిన ప్రతిపాదన నాకు ఆచరణకు దగ్గరగా అనిపిస్తుంది. ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పలేని సిస్టమ్స్ వద్దు. మనుషుల్ని గురిపెట్టేవి వద్దు. మిగతావాటికి చోటు, సమయం, లక్ష్యం రకం అన్నిటికీ హద్దులు, జనం లేనిచోటే వాడాలి, మనిషి పర్యవేక్షణలో ఉండాలి, అవసరమైతే ఆపగలగాలి.

కందిలి:
పర్యవేక్షణ ఉంది అని సైన్యం చెప్తుంది, అది మాజీ_రాడార్ గారు చెప్పిన తల ఊపుడే అయితే? బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

మాజీ_రాడార్:
తెలుసుకునే పద్ధతి ఉందండి, పెద్ద కష్టమైనది కూడా కాదు. డ్రిల్‌లో సిస్టమ్‌లోకి కావాలని తప్పుడు లక్ష్యాలు ఎక్కించాలి, ఆపరేటర్‌కి చెప్పకుండా. అంబులెన్స్‌ని సైనిక వాహనంగా చూపించాలి, ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానంగా చూపించాలి. ఎన్నిటిని పట్టుకుని కాదన్నాడో లెక్క తీయాలి. అన్నిటికీ సరే అంటున్నాడంటే ఆ యూనిట్‌లో మనిషి నియంత్రణ అనేది లేనట్టే, ఆ ఆయుధాన్ని అక్కడినుంచి తీసేయాలి. రెండోది, కాదన్న ఆపరేటర్ కారణం రాసి సంతకం పెడితే, తర్వాత అది పొరపాటని తేలినా శిక్ష ఉండకూడదు. అవునన్నవాడూ కారణం రాయాలి, "సిస్టమ్ చూపించింది" అనేది కారణం కిందికి రాకూడదు. ఇలా రాయడానికి టైమ్ లేదు అని ఎవరైనా అంటే, ఎదురుగా వస్తున్నది మిసైల్ కానప్పుడు, ఆ తొందర ఎందుకో ముందు వాళ్లు చెప్పాలి.

న్యాయపక్షం:
ఇది చట్టంలోకి ఎక్కించొచ్చు సార్. అదే 1977 ప్రోటోకాల్‌లో 36వ అధికరణ ఉంది, కొత్త ఆయుధం తీసుకునే ముందు అది చట్టానికి లోబడి ఉందో లేదో అందులో చేరిన ప్రతి దేశం పరిశీలించుకోవాలి. ఇప్పుడు చాలామంది ఆయుధాన్నే చూస్తారు, ఆపరేటర్‌ని కలిపి చూడరు. మీరు చెప్పిన డ్రిల్ ఫలితాలు ఆ పరిశీలనలో తప్పనిసరి చేయాలి, తూటా గారు అన్న రాత్రి అప్‌డేట్ పడిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి చేయాలి, అప్పటిదాకా ఆ ఆయుధం పక్కన పెట్టాలి.

తూటా:
అప్‌డేట్ పడితే ఆయుధం పక్కన పెట్టాలంటే యుద్ధం మధ్యలో ఏ సైన్యమూ ఒప్పుకోదు. అయినా డ్రిల్ ఐడియా మాత్రం బాగుంది, ఒప్పందం వచ్చినా రాకపోయినా ఏ దేశమైనా రేపే మొదలుపెట్టుకోవచ్చు.